గోడలో గడియారం: అక్టోబరులో పిల్లలకు దెయ్యాల నవల చదివి వినిపించడం ఎలా

అక్టోబరు ముప్పై ఒకటిన వచ్చే హాలోవీన్ కోసం సెప్టెంబరు నెలాఖరుకల్లా మా వీధి వీధంతా దెయ్యాల కొంపలా తయారవుతుంది. ఎదురింటి వాళ్ళ పచ్చిక మీద థర్మాకోల్ సమాధులు, పక్కింటి వాకిట్లో ఇంటి కప్పంత ఎత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. చెట్లు ఎర్రబడతాయి, పొద్దు తొందరగా గూట్లో పడుతుంది, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు బ్యాగు కింద పడేస్తూనే "నాన్నా, ఏదైనా స్కేరీ బుక్ చదువుదామా" అని మొదలుపెడతారు.

చదవండి. తప్పకుండా చదవండి. కాకపోతే దీనికో పద్ధతుంది. నేనది తెలియక మొదటి ఏడాది చేతులు కాల్చుకున్నాను. పిల్లలు పడుకునే వేళకి లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చి గడ్డం కింద పెట్టుకుని, గొంతు బొంగురు చేసి మరీ చదివాను. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, బాబుకి ఆరు. వాడు జడుసుకుని నాలుగు రాత్రులు మా ఇద్దరి మధ్యా అడ్డంగా పడుకున్నాడు. ఐదో రోజు పుస్తకం మాయమైంది. మళ్ళీ డిసెంబరులో మొదటి మంచు పడినప్పుడు దొరికింది, వాడి స్నో బూటు లోపల. అదీ లైబ్రరీ పుస్తకం.

ఆ తర్వాతి ఏడాది నుంచి నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకం ఎంచుకోవడం

పిల్లల దెయ్యాల నవలలు ఇంగ్లీషులో కొల్లలు. నేను చూసేది ఒకటే: కథలో భయం ఎంత ఉందని కాదు, వెచ్చదనం ఎంత ఉందని. పిల్లవాడు భయపడినప్పుడు పరిగెత్తి వెళ్ళి వాలడానికి కథలో ఒక పెద్దమనిషి, ఒక వంటగది ఉన్నాయా? ఉంటే ఎంత చీకటైనా ఫరవాలేదు. లేకపోతే అది పిల్లల పుస్తకమని అట్ట మీద రాసినా సరే, పక్కన పెట్టేస్తాను.

మాకు కుదిరిన పుస్తకం పేరు చెప్పేస్తాను, ఉదాహరణలన్నీ దాని నుంచే వస్తాయి కాబట్టి. జాన్ బెల్లెయిర్స్ రాసిన 'ది హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్'. 1973లో వచ్చింది. 1948 వేసవిలో లూయిస్ అనే పదేళ్ళ అబ్బాయి, అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, ఎప్పుడూ చూడని బాబాయి ఇంటికి బస్సులో వస్తాడు. ఆ బాబాయి ఓ మోస్తరు మాంత్రికుడు. పక్కింటి జిమ్మర్‌మన్ గారు అంతకంటే గట్టి మంత్రగత్తె, ఊదారంగంటే చెవి కోసుకునే మనిషి. ఆ ఇంటి పాత యజమాని గోడల్లో ఎక్కడో ఒక గడియారం దాచిపెట్టి చచ్చిపోయాడు. అది రాత్రింబవళ్ళు టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. ఎందుకు దాచాడో ఎవరికీ తెలియదు. ఇంతకు మించి చెప్పను.

ఇందులో వచ్చిన మొదటి రాత్రే బాబాయి, పక్కింటావిడ పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని పేకాడతారు, చాక్లెట్ చిప్ కుకీలు పెడతారు. వెచ్చదనం అంటే నేను చెప్పేది అదే. బాబాయీ ఆవిడా పొద్దస్తమానం ఒకరినొకరు ఆడిపోసుకుంటూ ఉంటారు, మన ఇళ్ళలో బావామరదళ్ళలాగా. పిల్లలు ఆ తిట్ల కోసమే ఎదురుచూస్తారు. ఇంత నవ్విన తర్వాత వచ్చే భయం రుచి వేరు.

అసలు మేం ఈ పుస్తకం పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. కథ జరిగే న్యూ జెబెడీ అనే ఊరు కల్పితమే గానీ, దానికి మూలం మిషిగన్‌లోని మార్షల్ అనే ఊరు. బెల్లెయిర్స్ పుట్టింది అక్కడే, 1938లో. మా ఇంటి నుంచి కారులో రెండు గంటల లోపే. పిల్లలకి "ఈ ఇల్లు నిజంగా ఉందట" అని చెప్పగలగడం ఎంత పనిచేస్తుందో చివర్లో చెబుతాను. మీరు ఏ రాష్ట్రంలో, ఏ దేశంలో ఉన్నా మీ చుట్టుపక్కల ఊళ్ళో జరిగే కథ ఏదైనా ఉందేమో లైబ్రరీలో పిల్లల విభాగం వాళ్ళని అడగండి. వాళ్ళకి ఇలాంటి ప్రశ్నలంటే మహా సరదా.

వయసు మాట. సొంతంగా చదువుకోవాలంటే తొమ్మిది, పది వచ్చాక. మీరు పక్కన కూర్చుని చదివితే ఎనిమిదికి హాయిగా సరిపోతుంది. ఇంకా చిన్నవాళ్ళు అక్కా అన్నా పక్కన ఉంటే సర్దుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే, తాతగారో అమ్మమ్మో, ఈ ఏడాదికి ఇలాంటి పుస్తకం మానేయండి. దెయ్యాల కథంటే చివరికి పోయినవాళ్ళు తిరిగి రావడం గురించే. పిల్లలు దాన్ని మనకి చెప్పకుండా ఇంకెక్కడికో కలుపుకుంటారు.

సెప్టెంబరు మధ్యలోనే హోల్డ్ పెట్టండి

అక్టోబరు వచ్చాక లైబ్రరీకి వెళ్తే దెయ్యాల అర ఖాళీగా ఉంటుంది, సంక్రాంతి ముందు రోజు సీటు కోసం బస్టాండుకి వెళ్ళినట్టే. సెప్టెంబరు రెండో వారంలోనే పుస్తకం మీ పేరున ఆపి ఉంచమని హోల్డ్ పెట్టేయండి. మిషిగన్ వాళ్ళకైతే లైబ్రరీలన్నిటికీ ఉమ్మడిగా మెల్‌క్యాట్ ఉంది, మీ ఊళ్ళో లేకపోయినా రాష్ట్రంలో ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. లైబ్రరీ పుస్తకాలు ఫోన్లోకి ఇచ్చే లిబీ యాప్‌లో ఆడియో దొరికినా నేను వద్దంటాను. ఆడియో మనిషి మీ వాడి మొహం చూసి ఆగడు కదా.

ఎడ్వర్డ్ గోరీ బొమ్మలున్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. సన్నటి నల్లగీతలతో వేసిన బొమ్మలు. చూపించీ చూపించనట్టు ఉంటాయి. 2018లో దీన్ని సినిమాగా తీశారు. ముందు సినిమా చూపిస్తే మాత్రం పుస్తకం అయిపోయినట్టే. పిల్లల బుర్రలో గడియారం ఎలా ఉండాలో వేరేవాళ్ళు తేల్చేశాక మీరు చదివి ఏం లాభం?

ముందు మీరు చదవండి

ఇది ఎవరూ చెయ్యరు. పనుంది, టైమ్ లేదు అంటారు. పుస్తకం రెండొందల పేజీల లోపే, ఒక ఆదివారం మధ్యాహ్నం పడక్కుర్చీలో పని. ముందు చదవకపోతే మీరే కథలో కొట్టుకుపోయి, ఆగాల్సిన చోట ఆగరు.

చదివేటప్పుడు పక్కన పసుపు రంగు స్టిక్కీ స్లిప్పులు పెట్టుకోండి. నేను మూడు రకాల చోట్ల అంటిస్తాను. ఒకటి, రాత్రికి ఆపాల్సిన చోటు. అధ్యాయం చివర ఆపకండి. రచయితలు కావాలని అక్కడే గుండె గుభేల్‌మనే వాక్యం పెడతారు, రేపు మళ్ళీ పుస్తకం తెరవాలని. మీకు ఆ బాధ లేదు, మీ శ్రోతలు ఎక్కడికీ పోరు, పక్క గదిలోనే ఉంటారు. అందుకని అధ్యాయం ముగిశాక ఇంకో పేజీ, రెండు పేజీలు చదివి, కథలో కాస్త తెల్లవారాకనో, ఎవరో కాఫీ కలుపుకుంటున్నప్పుడో ఆపండి. ఈ ఒక్క కిటుకుతో మా ఇంట్లో రాత్రి నిద్రలు బాగుపడ్డాయి.

రెండోది, మీ పిల్లలకి కొత్తగా ఉండే పాతకాలపు సంగతి. 1948 నాటి ఇల్లంటే బొగ్గుతో వేడి చేసుకునే ఇల్లు. బొగ్గు కొలిమంటే ఇప్పటి పిల్లలకి మైన్‌క్రాఫ్ట్‌లో తెలుసు, ఇంటి కింద ఉంటుందని తెలియదు. కథ మధ్యలో ఆపి పాఠం చెప్పొద్దు, ముందే రెండు ముక్కల్లో చెప్పేస్తే సరి.

మూడోది, మీకే గొంతు తడబడే చోటు. నాకు ఈ పుస్తకంలో అలాంటి చోటు దెయ్యం దగ్గర రాలేదు. లూయిస్ బొద్దుగా ఉంటాడు, బేస్‌బాల్ ఆడలేడు, నడుస్తుంటే ఊదా కార్డురాయ్ ప్యాంటు తొడలు రాసుకుని చప్పుడవుతుంది. స్కూల్లో ఆటలో మొనగాడైన టార్బీ అనే వాడితో స్నేహం నిలుపుకోవడానికి నానా తంటాలు పడతాడు. దేశం కాని దేశంలో పిల్లల్ని పెంచుతున్న తండ్రికి అక్కడ తడబాటు రాకుండా ఎలా ఉంటుంది? ముందే తెలిసుంటే నీళ్ళు తాగి మొదలుపెట్టొచ్చు.

రోజులు లెక్కవేసుకోవడం

మొత్తం పుస్తకం గట్టిగా చదివితే ఐదారు గంటలు. అరగంట చొప్పున పది, పన్నెండు సాయంత్రాలు. చూడ్డానికి రెండు వారాలే, కానీ మన క్యాలెండర్ చూసుకోండి. అక్టోబరు చుట్టుపక్కలే దసరా, బతుకమ్మ, దీపావళి. ప్రతి శనివారం ఏదో ఒక హాల్లో పట్టుచీరలు, పులిహోర, పిల్లల డాన్సు ప్రాక్టీసు. వారానికి మూడు సాయంత్రాల కంటే ఎక్కువ పెట్టుకోకండి. అక్టోబరు మొదటి వారంలో మొదలుపెడితే నెలాఖరుకి తాపీగా వెళ్తుంది.

అందరూ హాలోవీన్ రోజుకి పుస్తకం పూర్తవ్వాలని పట్టు పడతారు. నేనూ పట్టాను. ముప్పై ఒకటో తేదీ సాయంత్రం పిల్లలకి కథ ఎక్కుతుందా? ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్న చాక్లెట్ల కుప్ప ఒళ్ళో పెట్టుకుని రకాల వారీగా సర్దుకుంటూ ఉంటారు, మీరు చదివేది గోడకే. ఈ పుస్తకంలో అయితే హాలోవీన్ రాత్రి శ్మశానంలో జరిగే ఘట్టం కథ మధ్యలోనే వస్తుంది. అందుకని మేం ఆ ఘట్టాన్ని ముప్పయ్యో తేదీకి వచ్చేలా చూసుకున్నాం. మర్నాడు వేషాలు వేసుకుని వీధిలో తిరుగుతుంటే మా అమ్మాయి ప్రతి థర్మాకోల్ సమాధినీ ఆగి చూసింది. మిగతా సగం నవంబరులో.

నవంబరు మంచిదనడానికి ఇంకో కారణం, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అక్టోబరు మొదట్లో మా దగ్గర ఏడుంపావుకి సూర్యాస్తమయం, నెలాఖరుకి ఆరున్నర. గడియారం మారిన మర్నాటి నుంచి ఐదున్నర లోపే చీకటి. గడియారం గురించిన కథ చదువుతూ ఉండగా ఇంట్లో గడియారాలన్నీ వెనక్కి తిప్పే పని పిల్లలకి అప్పజెప్పండి. పొయ్యి మీదది, మైక్రోవేవ్‌ది, కారులోది. ఫోన్లు వాటంతటవే మారిపోతాయని మా వాడికి అనుమానం వచ్చింది, "వాటికెవరు చెప్పారు?" అని. నేను జవాబు చెప్పలేదు. అలాంటివి అలా వదిలెయ్యాలి.

ఎక్కడ, ఎన్నింటికి

పడక మీద వద్దు. పడుకునే ముందు వద్దు. నా మాట ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

అన్నానికి ముందు చదవండి. సాయంత్రం ఆరున్నరకి సోఫాలో, ఒక దుప్పటి, ఒక దీపం. ఏడింటికి పుస్తకం మూసి, అందరూ లేచి కంచాలు పెట్టుకోవాలి. పప్పు, ఏదో ఒక వేపుడు, చివర పెరుగన్నం. పెరుగన్నం కలుపుకుంటూ శ్మశానం గురించి మాట్లాడుకుంటే శ్మశానం చిన్నదైపోతుంది. ఆ తర్వాత స్నానం, హోంవర్కు, పోట్లాటలు. పడుకునేసరికి మధ్యలో రెండు గంటలు గడిచి ఉంటాయి.

దీపం చదివేవాళ్ళ వెనక నుంచి పేజీ మీద పడాలి. గది మూలలు కొంచెం మసగ్గా ఉంటే చాలు, మెట్ల దగ్గర లైటు మాత్రం వెలుగుతూనే ఉండాలి. బాత్రూమ్‌కి వెళ్ళే దారి చీకటిగా ఉంటే పిల్లలు ఆపుకుని కూర్చుంటారు, కథ వినరు.

చప్పుళ్ళు మీరు చెయ్యక్కర్లేదు, ఇల్లే చేస్తుంది. అక్టోబరులో ఏదో ఒక సాయంత్రం మొదటిసారి హీటింగ్ వేస్తాం. ఆరు నెలల దుమ్ము మాడిన వాసన వస్తుంది. తర్వాత గోడల్లోని రేకు డక్ట్‌లలోకి వేడిగాలి వెళ్ళగానే రేకు సాగి టక్, టక్, టక్ అంటుంది. మేం రెండో అధ్యాయంలో ఉండగా సరిగ్గా అదే జరిగింది. మా వాడు లేచి వెళ్ళి గోడకి చెవి ఆనించాడు. కదల్లేదు. మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, మన ఇంట్లో కూడా ఉంది" అన్నాడు వాడు, చాలా నెమ్మదిగా, గోడ వైపు తిరిగే.

అప్పుడు ఏం చెయ్యాలి? "అదేం లేదురా, కూర్చో" అంటే తప్పు. "అవును ఉంది" అని ఆటపట్టిస్తే ఇంకా తప్పు. టార్చి తీసుకుని ముగ్గురం బేస్‌మెంట్‌లోకి దిగాం. ఇల్లు వేడి చేసే ఫర్నేస్ తలుపు సందులోంచి నీలం మంట చూశాం. డక్ట్ మీద చెయ్యి పెట్టించాను, వేడెక్కుతోంది. కాసేపటికి చేతి కిందే టక్‌మంది. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని నవ్వాడు. పైకి వచ్చి మళ్ళీ చదివాం. ఆ రోజు నుంచి ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా వాడు పెద్దమనిషిలా "రేకు" అనేవాడు.

ఈ సంగతి ఫోన్లో చెబితే మా తమ్ముడు నవ్వాడు. పాలకొల్లులో మా ఇంటి గోడలు పద్నాలుగంగుళాల ఇటుక. అందులో గడియారం దాచాలంటే మేస్త్రీని పిలవాలి, సిమెంటు కలపాలి, వీధంతా తెలిసిపోతుంది. గుల్ల గోడల దేశంలోనే ఇలాంటి కథ పుడుతుంది.

గొంతు మార్చకండి

భయం గొంతులో ఉండదు, నెమ్మదిలో ఉంటుంది. మెట్ల మీద ఏదో వస్తోందనే వాక్యాన్ని ఉప్మా ఎలా చెయ్యాలో చెప్పినంత మామూలుగా చదవండి. ముందు ఒక్క క్షణం ఆగండి, అంతే. గొంతు బొంగురు చేస్తే పిల్లలు మిమ్మల్ని చూసి భయపడతారు, కథని చూసి కాదు. పైగా వాళ్ళని కాపాడాల్సిన మనిషే దెయ్యంలా మాట్లాడితే ఇంక ఎవరి దగ్గరికి పోతారు? నా మొదటి ఏడాది తప్పు అదే.

మన ఇంగ్లీషు యాస గురించి సిగ్గు పడొద్దు. మా అమ్మాయి వాక్యానికోసారి నా ఉచ్చారణ దిద్దుతుంది. దిద్దనివ్వండి. దిద్దుతున్న పిల్ల భయపడదు. బాబాయీ జిమ్మర్‌మన్ గారూ తిట్టుకునే చోట్ల వాళ్ళకే చెరో పాత్ర ఇచ్చేసి చదివించాను. ఆ పేజీలు రెండుసార్లు చదవాల్సి వచ్చింది, నవ్వు ఆగక.

నిన్నటి కథ తెలుగులో

పుస్తకం ఇంగ్లీషుది. కానీ ప్రతి సాయంత్రం తెరిచేముందు, నిన్న ఎక్కడిదాకా వచ్చామో పిల్లలు తెలుగులో చెప్పాలి. రెండు నిమిషాలు. ఇది తెలుగు పాఠం అని మాత్రం చెప్పకండి, పారిపోతారు. మా ఇంట్లో దీనికి సాకు దొరికింది. ఆ ఏడాది మా అమ్మ ఆర్నెల్లు మాతో ఉండటానికి వచ్చింది. ఇంగ్లీషు రాదు. సోఫా చివర కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఏమైందిరా నిన్న, ఆ పిల్లాడు తలుపు తీశాడా లేదా?" అని అడిగేది. వాళ్ళు చెప్పక చస్తారా?

మా వాడి తెలుగు ఇలా నడిచింది: "నానమ్మా, వాడు గ్రేవ్‌యార్డ్‌కి వెళ్ళి, స్పెల్ చదివి, చచ్చిపోయిన ఆంటీని లేపేశాడు." "శ్మశానం అనాలి నాన్నా. స్పెల్ అంటే మంత్రం. ఆంటీ ఏవిటీ, దెయ్యాన్ని కూడా ఆంటీ అంటావా?" "పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదన్నావ్ కదా." అమ్మ దగ్గర దానికి సమాధానం లేకపోయింది.

నెలాఖరుకి వాడికి శ్మశానం, సమాధి, మంత్రం, కొరివి దెయ్యం, దిష్టి, నేలమాళిగ అన్నీ వచ్చేశాయి. శనివారం తెలుగు బడిలో రెండేళ్ళుగా రానన్ని మాటలు. అమ్మ కూడా ఊరుకోలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువుగట్టున రాత్రిపూట కనిపించిన కొరివి దెయ్యం మంటల గురించి, తలుపుల మీద సుద్దతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజుల గురించి చెప్పింది. "రేపు అని రాస్తే ఎప్పుడొచ్చినా రేపే కదా, దెయ్యం మోసపోతుంది" అంటే మా అమ్మాయి పది నిమిషాలు ఆలోచించి, "దానికి చదువొచ్చా?" అని అడిగింది. మీ ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆవిడకీ ఒక సాయంత్రం కేటాయించండి. పుస్తకం కంటే ఎక్కువ జనం గుమిగూడతారు.

ఒక మాట దగ్గర మాత్రం కాస్త ఆగాల్సి వచ్చింది. జిమ్మర్‌మన్ గారిని తెలుగులో ఏమనాలి? మంత్రగత్తె అంటే అమ్మ మొహం మారిపోయింది. ఇంగ్లీషు పిల్లల కథల్లో మంచి మంత్రగత్తె ఉండటం మామూలే. మన పల్లెల్లో మాత్రం చేతబడి చేసిందని, బాణామతి చేసిందని నింద వేసి ఆడవాళ్ళని కొట్టిన, చంపిన రోజులున్నాయి, ఇప్పటికీ అక్కడక్కడా వార్తల్లో చూస్తూనే ఉన్నాం. పదేళ్ళ అమ్మాయికి ఆ సంగతి క్లుప్తంగా చెప్పాను, కథలో మాట వేరు, బయట ఒక మనిషిని అలా అనడం వేరు అని. చిన్నవాడికి చెప్పలేదు. వాడికి ఆవిడ 'ఊదా మామ్మగారు' అయింది, అలాగే స్థిరపడిపోయింది.

హాలోవీన్ ఏమిటని అమ్మ అడిగినప్పుడు, నవంబరు ఒకటి వాళ్ళకి పునీతుల పండుగ, రెండో తేదీ పోయినవాళ్ళందరినీ తలుచుకునే రోజు, ఆ రెండింటికీ ముందు రాత్రి ఇది అన్నాను. "అయితే వీళ్ళ మహాలయ పక్షం అన్నమాట" అంది. లెక్క పూర్తిగా కుదరదు గానీ, బతుకమ్మ మొదలయ్యేదే పెద్దలకి బియ్యమిచ్చే పెత్రామాస రోజున, ఇక్కడ చాక్లెట్లకి ముందు సమాధులు. చలికాలం గుమ్మంలో నిలబడి పోయినవాళ్ళని ఒకసారి తలుచుకోవడం అందరికీ ఉన్నట్టుంది.

భయపడితే

పడతారు. దానికే కదా చదివేది. అరిచి దుప్పటి కప్పుకున్న పిల్ల బాగానే ఉన్నట్టు, ఆ గొడవంతా సరదాలో భాగమే. గమ్మున అయిపోయినవాణ్ణి గమనించండి. మధ్యలో ప్రశ్నలు ఆపేయడం, పేజీ వైపు కాకుండా మీ మొహం వైపే చూడటం, మంచినీళ్ళకి కూడా తోడు అడగడం. ఇవి కనిపిస్తే ఆ రోజుకి అక్కడితో ఆపండి.

మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరు "చాలు" అన్నా పుస్తకం మూసేస్తాం, ఎందుకని అడగం, వెక్కిరించం. అక్క తమ్ముణ్ణి "పిరికి" అంటే ఆ సాయంత్రం కథ లేదు. మా వాడు మొత్తం మీద రెండుసార్లు అన్నాడు. ఒకటి నిజంగా భయపడి, రెండోది ఒప్పందం పనిచేస్తోందో లేదో చూడ్డానికి. రెండుసార్లూ ఠక్కున మూసేశాను. ఆ తర్వాత వాడికి ఆ మాట అవసరం పడలేదు.

ఆపేసిన ఘట్టాన్ని వదిలెయ్యకండి. సగంలో వదిలేసిన దెయ్యం రాత్రంతా తిరుగుతుంది. శనివారం పొద్దున, కిటికీలోంచి ఎండ పడుతుంటే, దోసెలు తిన్నాక, అక్కడి నుంచి చదవండి. ఎండలో దెయ్యానికి బలం సగమే. కావాలంటే బొమ్మ గీయమనండి. మా వాడు గీసిన దెయ్యానికి కళ్ళజోడు ఉంది, చేతిలో కాఫీ కప్పుంది.

దిష్టి తియ్యాలని ఇంట్లో పెద్దవాళ్ళకి అనిపిస్తే తియ్యనివ్వండి. పిల్లలకి ఎవరో తమ కోసం ఏదో చేశారనే ధైర్యం వస్తుంది. ఎండుమిరపకాయలు మాత్రం పొయ్యి మీద వెయ్యనివ్వకండి. మా అమ్మ వేసింది. స్మోక్ అలారం మోగి, దగ్గులు, తలుపులు తీసి తువ్వాళ్ళతో విసురుకోవడాలు. ఆ రాత్రి అందరికంటే ఎక్కువ జడుసుకుంది అమ్మే. మర్నాటి నుంచి ఉప్పుతో సరిపెట్టుకుంది.

చివరిగా, పెద్దలకో విన్నపం. పుస్తకంలో దెయ్యాన్ని అన్నం తినిపించడానికి, చెప్పిన మాట వినేలా చెయ్యడానికి వాడుకోకండి. "తినకపోతే బూచాడొస్తాడు" అని మనం పెరిగాం, నిజమే. కథలో భయానికి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు వస్తారు, కావాలంటే లేచి వెళ్ళిపోతారు. కంచం ముందు భయానికి తలుపు ఉండదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి

మనకి ఆకులు ఎర్రబడే కాలం లేదు, అక్టోబరులో హైదరాబాదులో ఇంకా వానలే ఉండొచ్చు. అయినా ఏం నష్టం లేదు. కార్తీక మాసంలో పొద్దు త్వరగా కుంగుతుంది, గాలి కొంచెం చల్లబడుతుంది. దీపావళి అయిపోయి టపాకాయల మోత తగ్గాక మొదలుపెట్టండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆపేసి ఒక అధ్యాయం అదనంగా చదవండి. మన పాత బంగళాలు, మూతబడ్డ సినిమా హాళ్ళు, రాత్రి పూట స్కూలు భవనాలు దేనికీ తీసిపోవు.

ఆ ఇల్లు చూడటానికి వెళ్తే

పుస్తకం కొంత అయ్యాక వెళ్ళండి, ముందు కాదు. మేం అక్టోబరు మూడో శనివారం వెళ్ళాం. దక్షిణ మిషిగన్‌లో ఆకుల రంగు నిండుగా ఉండే రోజులు. దారిలో ఒక సైడర్ మిల్లు దగ్గర ఆగి వేడి డోనట్లు కొన్నాం, మార్షల్ చేరేలోపే అయిపోయాయి.

మార్షల్ ఊరంతా పంతొమ్మిదో శతాబ్దపు ఇళ్ళే. అందులో క్రోనిన్ హౌస్ అనే పాత ఇల్లు ఒకటి, పైన ఒక బురుజుతో. బెల్లెయిర్స్ తన కథలో ఇంటికి దాన్నే నమూనాగా తీసుకున్నాడంటారు. రోడ్డు అవతలి పక్క నిలబడి చూడండి. అది మ్యూజియం కాదు, ఇళ్ళున్న వీధి. తలుపు కొట్టడం, మెట్లెక్కి ఫోటోలు దిగడం బాగుండదు. లోపలికి వెళ్ళి చూడాలనుంటే ఊళ్ళోనే 1860లో కట్టిన హొనొలూలూ హౌస్ మ్యూజియం ఉంది, వేళలు ముందే చూసుకుని వెళ్ళండి.

మా వాడు రోడ్డు ఇవతల నిలబడి చాలాసేపు బురుజు వైపు చూశాడు. ఏమనుకుంటున్నావురా అంటే, "లోపల ఫర్నేస్ ఉంటుందా?" అన్నాడు. ఉంటుందన్నాను. "అయితే రేకే" అని కారెక్కేశాడు. మా అమ్మాయి మాత్రం కదల్లేదు. ఇంటికొచ్చేదాకా వెనక సీట్లో ముందు పేజీలు తిరగేస్తూ, ఊళ్ళో చూసినవాటిని పుస్తకంలో వెతుక్కుంటూ కూర్చుంది.

అయిపోయాక

తర్వాతి పుస్తకం కావాలంటారు. ఇదే లూయిస్‌తో 1975లో ఒకటి వచ్చింది, 1976లో వచ్చిన మూడోదాంట్లో కథ ఎక్కువగా జిమ్మర్‌మన్ గారి వెంట నడుస్తుంది. వెంటనే తేకండి. వచ్చే అక్టోబరు దాకా ఆగమనండి. మా చిన్నప్పుడు చందమామలో బేతాళుడు నెలకోసారే వచ్చేవాడు, ఆ నెల రోజుల ఎదురుచూపులోనే సగం కథ మేమే అల్లుకునేవాళ్ళం.

లైబ్రరీకి తిరిగిచ్చే ముందు స్లిప్పులన్నీ తీసేయండి. మేం తీశామనే అనుకున్నాం. డ్రాప్ బాక్స్‌లో వేసి ఇంటికొచ్చాక మా అమ్మాయి లెక్కపెట్టింది, ఒకటి తగ్గింది. పసుపు రంగుది, శ్మశానం ఘట్టం దగ్గర అంటించింది. దాని మీద నా చేతిరాతలో 'ఇక్కడ ఆపకు, ఇంకో రెండు పేజీలు చదువు' అని తెలుగులో ఉంటుంది.